హైవేకీ, ఏజెన్సీ మట్టిదారులకూ కలిపి ఒకే బండి: హిమాలయన్ 450, వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్, ఎక్స్‌పల్స్ 210లలో ఏది?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. పదకొండేళ్ళుగా ఒకే 150 సీసీ బండి నడుపుతున్నాను. అది ఇంకా బాగానే ఉంది కాని, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, చింతూరు వైపు దిగి, మోతుగూడెం, డొంకరాయి, సీలేరు మీదుగా చింతపల్లి, లంబసింగి చేరే దారి మీద మనసు పడినప్పటి నుంచి ప్రతి గుంటకూ నా నడుమే జవాబు చెప్పుకోవలసి వస్తోంది. అందుకని తారు మీదా మట్టి మీదా కూడా మర్యాదగా నడిచే అడ్వెంచర్ తరహా బండి ఒకటి కొనాలని నిశ్చయించుకున్నాను.

నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 62 కిలోలు, వయసు 43. నెలకు రెండుసార్లు ఏలూరు మీదుగా విజయవాడ వెళ్ళి వస్తాను. ఏజెన్సీ ప్రయాణాలు చాలావరకు ఒంటరిగానే చేస్తాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు మా ఆవిడ కూడా వస్తుంది. ఎప్పటికైనా ఒకసారి హిమాచల్‌లోని స్పితి లోయ చూడాలన్న కోరిక ఉంది. ఆన్‌రోడ్ ధర నాలుగు లక్షలు దాటకూడదు. కేటీఎం 390 అడ్వెంచర్ చూశాను, నచ్చింది, కాని నా ప్రయాణాలకు అంత చురుకైన ఇంజను అవసరం లేదనిపించి పక్కన పెట్టాను.

మిగిలినవి మూడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, శక్తి 40 పీఎస్, టార్క్ (ఇంజను తిప్పే బలం) 40 న్యూటన్ మీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు, ట్యాంకు 17 లీటర్లు. సుజుకి వి-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 167 కిలోలు, 26.5 పీఎస్, 22.2 న్యూటన్ మీటర్లు, ముందు చక్రం 19 అంగుళాలు, ట్యాంకు 12 లీటర్లు. హీరో ఎక్స్‌పల్స్ 210 దాదాపు 168 కిలోలు, 24.6 పీఎస్, 20.7 న్యూటన్ మీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు, ట్యాంకు 13 లీటర్లు. సీటు ఎత్తు చూస్తే బరువైన హిమాలయన్‌దే తక్కువ, 825 మిల్లీమీటర్లు. ఎక్స్‌పల్స్‌ది 830, వి-స్ట్రోమ్‌ది 835. తేలిక బండి కావాలంటే పొడవైన కాళ్ళు కూడా తెచ్చుకోవాలన్నట్టుంది ఈ లెక్క.

అంకెలన్నీ కంఠతా వచ్చేశాయి గాని నిర్ణయానికి మాత్రం రాలేకపోతున్నాను. నాకు ఈ సీటు ఎత్తు ఇబ్బంది అవుతుందా? 21 అంగుళాల చక్రం లేకపోతే మారేడుమిల్లి దారుల్లో నిజంగా ఏమైనా కోల్పోతానా? 26 పీఎస్‌తో ఇద్దరం హైవే మీద ప్రయాణించడం సుఖంగా ఉంటుందా? బండి నడిపి చూసినవారు చెబితే మేలు.

అనంతగిరి మలుపు (విశాఖపట్నం)

గట్టు గారూ, మీ ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు మీరు అడగని ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఆగస్టు నెలలో సీలేరు నుంచి చింతపల్లి వైపు వస్తూ, తడిసిన ఎర్రమట్టిలో ముందు చక్రం జారి, నడక వేగంలోనే పక్కకు ఒరిగిపోయాను. దెబ్బలేవీ తగలలేదు. బండి రెండు వందల కిలోల దరిదాపుల్లో ఉండేది, దానికి రెండు పక్కసంచులు, వెనుక గుడారం మూట. ఒక్కడినే లేపబోతే బండి లేచేది కాదు సరికదా, నా బూట్లే బురదలో జారేవి. సంచులన్నీ విప్పి, కాలికింద కొమ్మలు పరిచి, రెండుసార్లు సగం దాకా లేపి వదిలేసి, చివరికి అటుగా వచ్చిన కూలీల జీపు ఆగితే నలుగురం కలిసి నిలబెట్టాం. దాదాపు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో నాకు గుర్రపు శక్తి గురించి ఒక్క ఆలోచన కూడా రాలేదు.

మట్టిదారిలో బండి పడడం ప్రమాదం కిందికి రాదు, అది ప్రయాణంలో ఒక భాగం. ఒంటరిగా తిరిగేవారు మీరే అంటున్నారు కనుక మొదటి పరీక్ష ఇది: మీరు ఎంచుకున్న బండిని పడుకోబెడితే మీరొక్కరే లేపగలరా? షోరూమువారు ఒప్పుకోరు, కాని తెలిసిన స్నేహితుడి బండి దొరికితే పచ్చిక మీద దుప్పటి పరిచి నెమ్మదిగా ఒరిగించి ప్రయత్నించండి. బండి కుడివైపు పడితే ముందుగా సైడ్‌స్టాండు బయటికి దించి ఉంచండి, గేరులో పెట్టండి, సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, మరో చేత్తో వెనుక పట్టుకునే కడ్డీ అందుకుని, నడుముతో కాకుండా తొడల బలంతో చిన్నచిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవండి. 167 కిలోల బండికీ 196 కిలోల బండికీ మధ్య తేడా 29 కిలోలు. కాగితం మీద అది ఒక బియ్యం బస్తా కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఎండలో మూడోసారి లేపుతున్నప్పుడు అది బస్తాలా ఉండదు.

ఇక సీటు ఎత్తు. బ్రోషర్లో వేసే మిల్లీమీటర్లు సగం నిజమే చెబుతాయి. సీటు ముందుభాగం ఎంత వెడల్పో, మీరు కూర్చున్నాక సస్పెన్షన్ ఎంత కుంగుతుందో, ఈ రెండూ కలిస్తేనే కాలు నేలకు అందడం తెలుస్తుంది. 62 కిలోలవారు కూర్చుంటే 80 కిలోలవారికి కుంగినంత కుంగదు. రెండు కాళ్ళూ పూర్తిగా ఆనాలని పట్టుబట్టకండి. ఒక పాదం ముందు సగం గట్టిగా ఆనితే సమతల రోడ్డు మీద చాలు. అసలు చిక్కు వాలు మీద వస్తుంది. ఘాట్‌లో లారీ కోసం అంచున ఆగినప్పుడు, కాలు పెట్టిన వైపు నేల నాలుగు అంగుళాలు పల్లంగా ఉంటే పాదం గాలిలోకే వెళుతుంది, బండి దాని వెంటే వెళుతుంది. అందుకని బండిని చదును నేల మీద కాకుండా ఏదైనా ర్యాంపు మీద అడ్డంగా నిలిపి చూడండి. సస్పెన్షన్ లింకు మార్చి బండి ఎత్తు తగ్గించే పనికి మాత్రం పోకండి. గ్రౌండ్ క్లియరెన్స్ కూడా దానితోనే తగ్గుతుంది, సైడ్‌స్టాండు మీద బండి నిట్టనిలువుగా నిలబడి చిన్న గాలికే పడుతుంది. సీటు నురగ కొద్దిగా చెక్కించుకోవడం చవక, సురక్షితం.

నా మాట వి-స్ట్రోమ్ లేదా ఎక్స్‌పల్స్ వైపు. ఆ రెండింటిలో ఏది అన్నది మీ మట్టి ఎంత లోతో తెలిస్తే చెప్పగలను.

కుంజుం దాటినవాడు (హైదరాబాదు)

మలుపు గారి మాటలో అబద్ధం లేదు, కాని అది ఒక్క రోజు అనుభవం మీద నిలబడిన సలహా అని నా అభిప్రాయం. నేను 2024 నుంచి హిమాలయన్ 450 నడుపుతున్నాను, అంతకు ముందు 200 సీసీ బండి మీద ఒకసారి, దీని మీద ఒకసారి స్పితి వెళ్ళివచ్చాను. కనుక బండి మీద ఇద్దరు ఉన్నప్పుడు ఏం జరుగుతుందో లెక్క వేసి చూపిస్తాను.

మీ బరువు 62, మీ ఇంటావిడ బరువు 55 అనుకుందాం, సామాను 20, మొత్తం 137 కిలోలు. హిమాలయన్ అప్పుడు 333 కిలోల మోతను 40 పీఎస్‌తో లాగుతుంది, అంటే టన్నుకు 120 పీఎస్. వి-స్ట్రోమ్ 304 కిలోలను 26.5తో లాగుతుంది, టన్నుకు 87. ఎక్స్‌పల్స్ 210కి అది 81 దగ్గర ఆగుతుంది. ఈ తేడా జాతీయ రహదారిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కనిపించదు. వరుసగా పోతున్న మూడు లారీలను దాటవలసి వచ్చినప్పుడు కనిపిస్తుంది. అదీగాక హిమాలయన్ గరిష్ఠ టార్క్ 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది, వి-స్ట్రోమ్‌కు 7,300 దాకా తిప్పాలి. ఘాట్ మలుపులో వేగం పడిపోయినప్పుడు ఒకరు అదే గేరులో లాగించుకుపోతే, మరొకరు ఒక గేరు దించి ఇంజనును అరిపించాలి. వి-స్ట్రోమ్ ఇంజను తిప్పితే తిరుగుతుంది, నునుపుగానే తిరుగుతుంది, అది ఒప్పుకుంటాను.

స్పితి సంగతి వేరు. మనాలి వైపు నుంచి స్పితికి వెళ్ళే దారిలోని కుంజుం కనుమ ఎత్తు దాదాపు 4,550 మీటర్లు. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతుల కన్నా తక్కువ. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి గాలిని కొలిచి పెట్రోలు తగ్గించుకుంటుంది, అందుకే పాత కార్బ్యురేటర్ బండ్లలా దగ్గదు. కాని లేని ప్రాణవాయువును అదెక్కడినుంచి తెస్తుంది? 40 పీఎస్ ఇంజను అక్కడ పాతికకు, 26 పీఎస్ ఇంజను పదహారు పదిహేడుకు దిగుతుంది. 200 సీసీ బండి మీద నేను కుంజుం ఎక్కినప్పుడు చివరి మలుపులన్నీ మొదటి గేరులోనే గడిచాయి. ఎక్కింది, ఎక్కదని చెప్పను. వెనుక మనిషి ఉంటే మాత్రం దిగి నడవవలసి వచ్చేది.

మనాలి వైపు నుంచి వెళితే అటల్ సొరంగం 9 కిలోమీటర్లు సుఖంగా దాటాక, గ్రాంఫూ దగ్గర స్పితి దారి పట్టినప్పటి నుంచి బాతల్ దాకా దారి అంతా గుండ్రాళ్ళు, వాగులు. మంచు కరిగి వచ్చే నీరు మధ్యాహ్నానికి పెరుగుతుంది కనుక వాగులన్నీ పొద్దున్నే దాటేయాలి. శిమ్లా, కిన్నౌర్ వైపు నుంచి వెళితే ఎక్కువ భాగం తారే. ట్యాంకు గురించి కంగారు పడకండి. మనాలి నుంచి స్పితి ముఖ్యపట్టణం కాజా రెండు వందల కిలోమీటర్లే, కాజాలో 3,740 మీటర్ల ఎత్తున పెట్రోలు బంకు ఉంది. 12 లీటర్ల ట్యాంకుకు కూడా ఆ దూరం ఒక లెక్క కాదు.

బరువు విషయంలో నాది ఒకటే మాట. హిమాలయన్ బరువు కిందకే ఉంటుంది, నిలబడి నడిపేటప్పుడు కాగితం మీద ఉన్నంత బరువుగా తోచదు. పడ్డాక తోస్తుంది, అది మలుపు గారు చెప్పారు.

ధర చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం, అంతకు ముందు సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది. 350 లోపు వాటికి 28 నుంచి 18కి తగ్గింది. అంటే మీ జాబితాలో ఒకటి పెరిగింది, రెండు తగ్గాయి. పాత సమీక్షల్లోని ధరల తేడాను నమ్మకండి.

కోన్‌సెట్ (కాకినాడ)

నాది ద్విచక్ర వాహనాల మరమ్మతు దుకాణం, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఏ బండి గొప్పదో చెప్పే చర్చలో నేను దిగను, నా దగ్గరికి ఏ అవస్థలో వస్తాయో చెబుతాను.

ఏజెన్సీ తిరిగివచ్చిన బండ్లలో నేను ఎక్కువగా సరిచేసేవి ఇంజన్లు కావు. చక్రాలు, ఫోర్కు ఆయిల్ సీళ్ళు, వంగిన బ్రేకు, క్లచ్ లీవర్లు, ఎండిపోయిన చైన్లు. అందుకని చక్రం గురించే కొంచెం వివరంగా చెబుతాను. వి-స్ట్రోమ్‌కు పోత అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు దిగితే పది నిమిషాల్లో పుల్ల దూర్చి గాలి కొట్టుకుని వెళ్ళిపోవచ్చు, ఇది చిన్న సౌఖ్యం కాదు. కాని వేగంగా పోతూ పదునైన గుంట అంచును గుద్దితే అల్లాయ్ రిమ్ము పగులుతుంది లేదా అంచు నొక్కుకుపోయి గాలి నిలవదు. దానిని దారిలో ఎవరూ బాగుచేయలేరు. స్పోకు చక్రం అదే దెబ్బకు వంకరపోతుంది గాని నడుస్తుంది, ఇంటికొచ్చాక స్పోకులు బిగించి బెండు తీయవచ్చు. అయితే ఎక్స్‌పల్స్‌లో లోపల ట్యూబు ఉంటుంది. పంక్చరైతే చక్రం ఊడదీయాలి, టైరు లీవర్లతో అంచు తప్పించాలి. ఈ పని చేతకానివారు సీలేరు అడవిలో ట్యూబు టైరుతో తిరగడం సాహసమే. నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు, మా దుకాణానికి వస్తే నేనే నేర్పుతాను. 21 అంగుళాల ట్యూబు ఒకటి దగ్గర పెట్టుకుంటే అవసరానికి వెనుక చక్రంలో కూడా దూర్చి గండం గట్టెక్కవచ్చు. హిమాలయన్ 450లో ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలున్న రకం ఉంది, రెండు సుఖాలూ అందులోనే. ధర కూడా ఆ మేరకు ఎక్కువ.

21, 19 అంగుళాల గొడవ చాలామంది అనుకున్నంత పెద్దది కాదు. చక్రం పెద్దదైన కొద్దీ రాయి ఎదురైనప్పుడు దాని మీదకు ఎక్కే కోణం మెత్తగా ఉంటుంది, గుంటలోకి తక్కువ దిగుతుంది. సన్నటి 21 అంగుళాల టైరు బురదను కోసుకుంటూ పోతుంది. అదే టైరు తడి తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే నేలను పట్టుకునే మేర తక్కువ. 19 అంగుళాలది మలుపుల్లో తొందరగా తిరుగుతుంది. మీరు విజయవాడ రోడ్డు మీద గడిపే రోజులెన్ని, బురదలో గడిపే రోజులెన్ని, అది మీకే తెలియాలి.

నన్నడిగితే బండి ఎంపికలో ఖర్చుపెట్టే ఆలోచనలో సగమైనా టైరు ఎంపికలో పెట్టండి. కంపెనీ నుంచి వచ్చే టైర్లు ఎక్కువ భాగం తారు కోసం చేసినవే. లోతైన గళ్ళున్న టైర్లు వేస్తే మట్టిలో బండి మారిపోయినట్టుంటుంది, కాని హైవే మీద రొద చేస్తాయి, తొందరగా అరుగుతాయి, వానలో తారు మీద జాగ్రత్త కావాలి. మీవంటివారికి మధ్యస్థమైన గళ్ళున్నవి సరిపోతాయి.

ఎవరైనా పాత హిమాలయన్ 411 చవకగా దొరుకుతుందని చెబుతారు, చెప్పకముందే నేను చెబుతాను. ఏ కంపెనీదైనా పాత అడ్వెంచర్ బండి కొనేముందు సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాలిలోకి లేపించి హ్యాండిలు నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడినట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిలు తిరిగే బేరింగు) పోయిందన్నమాట. ఫోర్కు గొట్టాల మీద నూనె తడి, ఇంజను కింద రక్షణ పలక మీద సొట్టలు, స్పోకుల్లో ఒకటి రెండు కొత్తగా మెరవడం, ఇవన్నీ ఆ బండి ఎక్కడ తిరిగిందో చెబుతాయి. యజమాని ఎప్పుడూ ఆఫీసుకే వెళ్ళానంటాడు.

ఎర్రమట్టి (పాడేరు)

నేను ఉపాధ్యాయురాలిని, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మూడేళ్ళుగా ఎక్స్‌పల్స్ 200 4వి మీద మా మండలంలోని బడులన్నిటికీ తిరుగుతున్నాను. దాని సీటు ఎత్తు కూడా 825 మిల్లీమీటర్లే. కనుక ఎత్తు గురించి పురుషులు ఇన్ని పేరాలు రాయడం చూస్తే కొంచెం నవ్వు వచ్చింది, ఏమనుకోకండి.

నేను ఎక్కేటప్పుడు సైడ్‌స్టాండు మీదే ఎక్కుతాను. ఆగేటప్పుడు సీటు మీద నుంచి కొంచెం ఎడమకు జరిగి, ఎడమ పాదం నిండుగా ఆనిస్తాను, కుడి పాదం వెనుక బ్రేకు మీదే ఉంటుంది. ఎక్కడ ఆగాలో పది మీటర్ల ముందే చూసుకుంటాను, అదే అసలు కిటుకు. గుంట పక్కన ఆగను, వాలు ఉంటే ఎగువ వైపు కాలు పెడతాను. మొదటి నెలలో నాలుగుసార్లు పడ్డాను, నాలుగుసార్లూ నేనే లేపుకున్నాను. ఆ మాటకొస్తే బండి 159 కిలోలే కనుక లేపుకున్నాను. ఇక్కడ మలుపు గారితో నేను ఏకీభవిస్తాను.

మా వైపు దారుల గురించి ఒక మాట. ఇప్పుడు పాడేరు, అరకు, చింతపల్లి మధ్య ప్రధాన దారులు తారువే. మట్టి, రాళ్ళు ఊళ్ళలోకి చీలే దారుల్లోనూ, పనులు జరుగుతున్న చోట్లా, కొండచరియలు పడినప్పుడూ ఎదురవుతాయి. మోకాలి లోతు బురద ఉండే దారులు కొన్నున్నాయి గాని, పర్యాటకులు వాటిలోకి దారి తప్పితే తప్ప రారు. వాన వెలిసిన వెంటనే వాగు దాటవలసి వస్తే, ముందు నడిచి చూడండి. నీళ్ళు మోకాలు దాటితే బండి ఏదైనా సరే ఆగిపోవడమే మంచిది.

విజయవాడ నెలకు రెండుసార్లు వెళ్ళేవారికి మాత్రం నా బండి చెప్పను. నేను ఒకసారి విశాఖ నుంచి రాజమండ్రి దాకా దాని మీద వచ్చాను. 80 దాటితే ఇంజను కూడా నేనూ ఇద్దరం ఇబ్బంది పడ్డాం. 210 మెరుగని విన్నాను, నేను నడపలేదు.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. ఎర్రమట్టి గారి నవ్వుకు నేను అర్హుడినే. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈలోగా చెప్పినవన్నీ చేసి చూశాను.

మొదట నా గత ఏడాది తిరుగుడు లెక్క రాసుకున్నాను. సర్వీసు రసీదుల ప్రకారం దాదాపు 11,000 కిలోమీటర్లు. అందులో విజయవాడ ప్రయాణాలే ఏడు వేలకు పైన. ఏజెన్సీలో తిరిగినది రెండున్నర వేలు, దానిలో అసలు మట్టీ రాళ్ళూ అనదగినది ఎంత అని నిజాయితీగా కూర్చుని లెక్కేస్తే, గుడిసె కొండ ఎక్కిన రోజులు కూడా కలిపి, నాలుగు వందల కిలోమీటర్లు రాలేదు. నేను ఊహలో నడిపిన మట్టి నిజంగా నడిపినదానికి పదింతలు ఉందన్నమాట. స్పితి ఆ లెక్కలోకి ఇంకా రానేలేదు.

తర్వాత మూడూ నడిపాను. హిమాలయన్ మీద గోదావరి నాలుగో వంతెన దాటుతుంటే పక్కగాలి తగిలినా బండి చలించలేదు, ఆ స్థిరత్వం నాకు బాగా నచ్చింది. సీటులో కూర్చుని కాళ్ళు ఆనించడం కూడా మూడింటిలో దాని మీదే తేలిక. ఒక పూర్వ విద్యార్థి తన బండిని కళాశాల మైదానంలో పడుకోబెట్టడానికి పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు. హిమాలయన్‌ను మొదటిసారి లేపాను, రెండోసారి కూడా లేపాను, మూడోసారి సగంలో వదిలేశాను. అతను ఏమీ అనలేదు గాని వెంటనే అద్దం సరిచూసుకున్నాడు. వి-స్ట్రోమ్‌ను అదే విధంగా ప్రయత్నించే అవకాశం దొరకలేదు. దాని బరువుకే దగ్గరగా ఉన్న ఎక్స్‌పల్స్‌ను మూడుసార్లూ లేపాను.

ఎక్స్‌పల్స్ 210 గుంటల మీద తేలిపోయింది. 200 మిల్లీమీటర్లు దాటిన సస్పెన్షన్ కదలిక అంటే ఏమిటో నడుముకు మొదటిసారి అర్థమైంది. కాని కొవ్వూరు దాటి హైవే మీద మా ఆవిడను ఎక్కించుకుని 90 దగ్గర కాసేపు నడిపితే, సీటు సన్నగా ఉందని ఆవిడ పది కిలోమీటర్లకే చెప్పింది. వి-స్ట్రోమ్ సీటు గురించి ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో ఏమీ చెప్పకపోవడం అంటే మెచ్చుకోవడమే.

కనుక మనసు వి-స్ట్రోమ్ వైపు మొగ్గింది. రెండు సందేహాలు మిగిలాయి. దానిలో ఏబీఎస్‌ను (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపే మీట లేదు, మట్టి దిగుడులో అది ప్రమాదమా? రెండోది, స్పితికి అది సరిపోతుందా లేక ఆ ఒక్క ప్రయాణం కోసం హిమాలయన్ వైపే చూడాలా?

కుంజుం దాటినవాడు (హైదరాబాదు)

మీ లెక్క చూశాక నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు వందల కిలోమీటర్ల మట్టికీ, జీవితంలో ఒకసారి వచ్చే స్పితికీ కలిపి 29 కిలోలు రోజూ మోయనక్కరలేదు. ఒంటరిగా శిమ్లా వైపు నుంచి వెళ్ళి అదే దారిన తిరిగిరండి, వి-స్ట్రోమ్ హాయిగా పోతుంది. ఇద్దరూ వెళ్ళాలనుకుంటే బండిని మోసుకుపోకుండా మనాలిలో అద్దెకు తీసుకోండి. అయితే అక్కడ అద్దెకు తీసుకున్న బండితో లద్దాఖ్‌లో తిరగనివ్వరు, లేహ్ బండి లేహ్‌లోనే తీసుకోవాలి. స్పితితో ఆగిపోతే ఆ చిక్కు లేదు. సొంత బండే కావాలంటే రైలు పార్సిలులో ఢిల్లీకి పంపవచ్చు, ఆర్‌సీ, బీమా, గుర్తింపు కార్డు నకళ్ళు తీసుకెళ్ళండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేస్తేనే తీసుకుంటారు. గోనె, గడ్డి కట్టించే దగ్గర మీరే నిలబడి చూసుకోండి; అద్దాలు ముందే విప్పి సంచిలో వేసుకోండి.

అనంతగిరి మలుపు (విశాఖపట్నం)

ఏబీఎస్ సంగతి నేను చెబుతాను. మట్టి దిగుడులో వెనుక చక్రం కొంచెం బిగుసుకుని జారితే, ముందు పేరుకున్న మట్టే బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఆ బిగుసుకోవడాన్ని ఒప్పుకోదు కనుక ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది, మీట కింద బ్రేకు టకటకమని కొట్టుకుంటుంది, కొత్తవారికి బ్రేకు పోయిందేమో అన్నంత భయం వేస్తుంది. హిమాలయన్‌లో వెనుక ఏబీఎస్ ఆపవచ్చు, ఎక్స్‌పల్స్‌లో మోడ్ మార్చుకోవచ్చు. వి-స్ట్రోమ్‌లో లేదు కాబట్టి దిగుడు మొదలవకముందే మొదటి గేరుకో రెండో గేరుకో రండి, ఇంజను పట్టే పట్టుతోనే దిగండి, బ్రేకును వేళ్ళతో మీటుతున్నట్టు వాడండి. వేగమే లేకపోతే ఏబీఎస్‌కు పని ఉండదు. మీ నాలుగు వందల కిలోమీటర్లకు ఇది సరిపోతుంది. గుడిసె కొండ దిగేటప్పుడు మాత్రం వెనుక జీపు ఉంటే దానిని ముందు పోనివ్వండి.

కోన్‌సెట్ (కాకినాడ)

బండి ఇంటికి రాగానే రక్షణ పలక, ఇంజను పక్క గార్డు, చేతి గార్డులు బిగించుకోండి. పెట్టెలూ లైట్లూ తర్వాత చూసుకోవచ్చు. చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజి, పంక్చరు పుల్లల పెట్టె సీటు కిందే ఉండాలి. మారేడుమిల్లి దాటి మట్టి మొదలైన చోట ఆగి గాలి తగ్గించండి. మీ బరువుకు 22 నుంచి 24 పీఎస్ఐ మధ్య చాలు, అల్లాయ్ చక్రం కనుక అంతకన్నా దించితే రాయి తగిలినప్పుడు రిమ్ము అంచు నొక్కుకుపోతుంది. తిరిగి తారు ఎక్కేముందు మరవకుండా నింపుకోండి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. మొదటి సర్వీసు అయ్యాక ఒక ఆదివారం కాకినాడ రండి, చైను బిగువు చూసుకోవడం, పుల్ల దూర్చడం రెండూ నేర్పి పంపుతాను.